ఆ రోజు అడిగే మొదటి ప్రశ్న

తనకు లభించిన వరప్రసాదాలను గురించి మనిషి ప్రళయదినాన తప్పక ప్రశ్నించబడతాడని దివ్యఖుర్ఆన్ తకాసుర్ సూరా చివరి ఆయతు హెచ్చరిస్తోంది. మరి ఆ వరాలలో మొట్టమొదట దేన్ని గురించి అడుగుతారు? మేడల గురించా? పొలాల గురించా? హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించగా తిర్మిజీ గ్రంథంలో నమోదైన హదీసు ప్రకారం మొదటి ప్రశ్న ఆస్తిపాస్తుల గురించి కాదు. దేవుడు ఆ శరీరానికి ఇచ్చిన ఆరోగ్యాన్ని గురించి, ఆ దాహాన్ని తీర్చిన చల్లని నీటిని గురించి.

నెలకు పది పన్నెండు వేలతో ఇల్లు నెట్టుకొచ్చే కుటుంబానికి ఈ హదీసు విన్నప్పుడు ఒక సందేహం రావడం సహజం. ఆరోగ్యం ఈ రోజుల్లో డబ్బున్నవారి వస్తువైపోయింది. పండ్లు తినమంటారు, ధర చూస్తే చెయ్యి వెనక్కి వస్తుంది. పాలు తాగమంటారు, టీలోకి పోసే పాలకే లెక్క చూసుకోవాలి. జిమ్‌లు, పరీక్షలు, స్పెషలిస్టు డాక్టర్లు అన్నీ జేబు చూసి పలకరించేవే. ఆటో తోలే మనిషి, బీడీలు చుట్టే ఇల్లాలు, మెకానిక్ షెడ్డులో పనిచేసే కుర్రాడు ఆరోగ్యం కోసం ఏం చేయగలరు? చేయలేని దాని గురించి వారిని అడగడం న్యాయమేనా?

ఈ సందేహాన్ని అవిశ్వాసమని కొట్టిపారేయకూడదు. దీనికి జవాబు వెతకాలి. ఎందుకంటే ఈ ప్రశ్నను తప్పుగా అర్థం చేసుకున్నవారు రెండు రకాలుగా దారి తప్పుతున్నారు. కొందరు పేదరికాన్ని సాకుగా చూపించి తమ శరీరాన్ని తామే పాడుచేసుకుంటున్నారు. మరికొందరు రోగిష్టి అయిన ప్రతి పేదవాణ్ణీ చూసి, అది అతని అశ్రద్ధ ఫలితమేనని తీర్పు చెప్పేస్తున్నారు.

ఆకలితో ఉన్నవారికీ ప్రశ్న ఉంది

సహీహ్ ముస్లింలో ఒక సంఘటన ఉంది. ఒకసారి దైవప్రవక్త (స) ఇంటి నుండి బయలుదేరారు. దారిలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఎదురయ్యారు. ఈ వేళప్పుడు ఎందుకు బయటికొచ్చారని అడిగితే ఇద్దరూ ఆకలి వల్లనేనని చెప్పారు. తాను కూడా అందుకే వచ్చానన్నారు దైవప్రవక్త (స). ముగ్గురూ కలిసి ఒక అన్సారీ సహాబీ ఇంటికి వెళ్లారు. తిర్మిజీ ఉల్లేఖనంలో ఆయన పేరు అబుల్ హైసమ్ (రజి) అని ఉంది. ఆయన ఇంట్లో లేరు. ఎక్కడికి వెళ్లారని అడిగితే, మంచినీళ్లు తేవడానికి వెళ్లారని ఆయన భార్య చెప్పారు. కాసేపటికి ఆయన వచ్చి, అతిథులను చూసి పొంగిపోయి, ఖర్జూర గెల తెచ్చి పెట్టారు. తర్వాత కత్తి తీసుకుంటుంటే, పాలిచ్చే జీవాన్ని మాత్రం కోయవద్దని దైవప్రవక్త (స) చెప్పారు. తిని, తాగి, కడుపు నిండాక ఆయన (స) తన ఇద్దరు సహచరులతో, ఈ వరాన్ని గురించి కూడా ప్రళయదినాన మిమ్మల్ని అడగడం జరుగుతుందని చెప్పారు.

ఆలోచించండి. ఆకలికి తాళలేక ఇల్లు విడిచి వచ్చిన మనుషులు వారు. ఆ పూట దొరికింది ఖర్జూరాలు, కాస్త మాంసం, మంచినీళ్లు. అయినా లెక్క ఉంది. అంటే ఆరోగ్యం గురించి, ఆహారం గురించి అడిగే ప్రశ్న ధనవంతుల కోసం మాత్రమే దాచిపెట్టినది కాదు. పేదవాడు ఆ రోజు ప్రశ్నల జాబితా నుండి తప్పించుకోలేడు. కాకపోతే అతని చేతిలో ఉన్నదాని గురించే అతణ్ణి అడుగుతారు. ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం వేయనని బఖరా సూరా చివరి ఆయతులో అల్లాహ్ హామీ ఇచ్చాడు కదా.

మరి పేదవాడి చేతిలో ఏముంది? మనం అనుకునేదానికన్నా ఎక్కువే ఉంది.

రాత్రంతా నమాజులో, పగలంతా ఉపవాసంలో గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) అనే యువ సహాబీని పిలిచి, అతని శరీరానికి అతనిపై హక్కు ఉందని, అతని కళ్లకు కూడా హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించారు. ఆరాధన పేరుతో కూడా శరీరాన్ని అరగదీసే అనుమతి లేదు. ఇక గుట్కా పేరుతో ఎక్కడ ఉంటుంది? రోజుకు 20 రూపాయలు బీడీ, సిగరెట్, జర్దా కోసం పెట్టే మనిషి సంవత్సరానికి 7,300 రూపాయలు తగలేస్తున్నాడు. అదే మనిషి పిల్లలకు గుడ్డు పెట్టడానికి డబ్బు లేదని అంటాడు. ఆ 20 రూపాయలు అతని చేతిలో ఉన్నవే. వాటి గురించి ప్రశ్న కూడా అతనిదే.

కడుపు గురించి దైవప్రవక్త (స) చేసిన బోధ అందరికీ తెలిసిందే. మనిషి నింపే పాత్రల్లో కడుపుకన్నా చెడ్డది లేదని, నడుము నిలబెట్టడానికి నాలుగు ముద్దలు చాలని, అంతకన్నా ఎక్కువే కావాలనుకుంటే కడుపులో ఒక వంతు అన్నానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు శ్వాసకు వదలాలని దాని భావం. ఈ బోధను పాటించడానికి పైసా ఖర్చు లేదు, పైగా మిగులుతుంది. కానీ మన రమజాను సంగతి చూడండి. పగలంతా ఉపవాసం ఉండి, ఇఫ్తారులో మిర్చీ బజ్జీలు, సమోసాలు, రంగు షర్బత్తులు, ఆపైన బిర్యానీ! నెల తిరిగేసరికి మిగతా పదకొండు నెలలకన్నా కిరాణా బిల్లు ఎక్కువ వస్తుంది, బరువు పెరుగుతుంది. తక్కువ తినడం నేర్పడానికి వచ్చిన నెలలో ఎక్కువ తినడం నేర్చుకున్న వింత సమాజం మనది.

దైవప్రవక్త (స) కాలంలో పిండి జల్లెడలు ఉండేవా అని హజ్రత్ సహ్ల్ బిన్ సఅద్ (రజి)ని ఒకరు అడిగారు. ఆయన (స) జల్లెడను చూడనేలేదని సహ్ల్ (రజి) చెప్పారు. మరి జల్లెడ పట్టని బార్లీ ఎలా తినేవారని అడిగితే, దంచి ఊదేవాళ్లమని, పోయిన పొట్టు పోయేదని, మిగిలినదాన్ని తడిపి తినేవాళ్లమని చెప్పారు. ఇది బుఖారీలో ఉంది. ఈ రోజు డాక్టర్లు పొట్టు తీయని ధాన్యం తినమని చెబుతుంటే మనం కొత్త విషయం విన్నట్టు తల ఊపుతున్నాం. మన దక్షిణ తెలంగాణ మెట్ట పొలాల్లో జొన్న, సజ్జ మన తాతల కంచాల్లో ఉండేవి. తెల్లన్నం వచ్చాక జొన్నరొట్టె పేదరికానికి గుర్తయింది. ఇప్పుడు అదే రొట్టె షుగరు వచ్చినవాళ్ల కోసం పట్టణాల్లో ఎక్కువ ధరకు అమ్ముడుపోతోంది.

నడక గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దైవప్రవక్త (స) శనివారాల్లో ఖుబా మసీదుకు కొన్నిసార్లు వాహనం మీద, కొన్నిసార్లు కాలినడకన వెళ్లేవారు. హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం వేశారు. ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో పాలుపంచుకునేవారు. ఇషా తర్వాత కబుర్లతో కూర్చోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. మన యువకులు ఇషా తర్వాత ఫోను పట్టుకుని రెండింటి దాకా మేల్కొని, ఫజ్ర్ పోగొట్టుకుని, నాలుగు సందుల అవతలి మసీదుకు కూడా బండి స్టార్ట్ చేస్తున్నారు. నిద్రకు, నడకకు టిక్కెట్టు లేదు. సర్కారు దవాఖానాలో బీపీ, షుగరు పరీక్ష చేయించుకోవడానికి కూడా డబ్బు అడగరు. ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికొకసారైనా చేయించుకోవాలి.

ఇంకో మాట, ఇది ఇంటి పెద్దలు వినాల్సింది. చాలా ఇళ్లల్లో మగవాళ్లు, పిల్లలు తిన్నాక మిగిలింది అమ్మీ తింటుంది. కూర అయిపోతే పచ్చడితో, అదీ లేకపోతే టీలో ముంచిన రొట్టెతో సరిపెట్టుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇది కేవలం డబ్బు లేకపోవడం వల్ల వచ్చినదా? ఉన్న ఆ కూరనే అందరికీ సమానంగా వడ్డిస్తే ఖర్చు ఒక్క రూపాయి పెరగదు. మునగాకు, తోటకూర, పప్పు, ఒక గుడ్డు, సర్కారు దవాఖానాలో ఉచితంగా దొరికే ఐరన్ మాత్రలు. భార్య మొహం పాలిపోయిందని గమనించని భర్త ఇంటివారిపట్ల ఉత్తముడు ఎలా అవుతాడు?

మంచినీళ్లు

ఇంతవరకు చెప్పినదంతా విని, ఆరోగ్యం పూర్తిగా మన చేతిలోనే ఉందని, జాగ్రత్తగా ఉంటే చాలని ఎవరైనా అనుకుంటే వారిని ఒకసారి నల్గొండ తీసుకెళ్లాలి.

పానగల్ పేరు చెప్పగానే కొందరికి వనపర్తి వైపున్న కొండకోట గుర్తుకొస్తుంది. ఇక్కడ చెబుతున్నది నల్గొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్. ఒకనాడు కందూరు చోడుల రాజధాని. వారి కాలంలోనే, అంటే సుమారు తొమ్మిది వందల ఏళ్ల క్రితం, ఇక్కడ ఉదయ సముద్రం అనే పెద్ద చెరువు కట్టారు. నల్గొండ జిల్లా నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు నీటిలో కలుస్తుంది. రాతితో ఎక్కువ కాలం తాకిడి ఉన్న లోతు నీటిలో అది పేరుకుంటుంది. వాన నీటిలో, వానతో నిండే చెరువులో ఆ బెడద దాదాపు ఉండదు. పాతకాలపు చెరువుల విలువ మనకు ఇక్కడ తెలిసొస్తుంది. బోర్ల మీద ఆధారపడిన పల్లెల్లో జరిగింది వేరు.

ఫ్లోరోసిస్ వ్యాధిని మన దేశంలో 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించారు. ఆ తర్వాత నల్గొండ పేరు దీనికి మారుపేరుగా మారింది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మించితే పసిపిల్లల పళ్లపై పసుపు, గోధుమరంగు మచ్చలు వస్తాయి. అంతకన్నా చాలా ఎక్కువగా ఉన్న నీటిని ఏళ్ల తరబడి తాగితే ఎముకలు దెబ్బతింటాయి. వెన్ను బిగుసుకుపోతుంది, కీళ్లు కదలవు, కాళ్లు వంకరపోతాయి. ఇంత పని చేసే ఆ నీరు చూడటానికి తేటగా ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు.

తెలుగులో తాగేనీటిని మంచినీళ్లు అంటాం. ఆ పల్లెల్లో ఇల్లాలు బిందె నింపి తెచ్చినవి మంచినీళ్లే. దైవనామం పలికి, కుడిచేత్తో, కూర్చుని, మూడు గుక్కల్లో తాగిన వ్యక్తి కూడా ఆ నీటినే తాగాడు. అతను సున్నతును పాటించాడు, తిండిలో మితం పాటించాడు, పొగ తాగలేదు, పొలంలో ఒళ్లు వంచి పనిచేశాడు. అయినా నలభై ఏళ్లకే నడుము వంగిపోయింది. అతని తప్పేమిటి?

పైన మెచ్చుకున్న జొన్నరొట్టె సంగతి కూడా ఇక్కడ తిరగబడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో పరిశోధన చేసి, అన్నం తినేవారికన్నా జొన్నలు తినేవారి ఒంట్లో ఫ్లోరైడు ఎక్కువగా నిలిచిపోతోందని కనుగొన్నారు. జొన్న చెడ్డదని కాదు దీని అర్థం. నీరు మంచిదైన చోట జొన్న వరమే. నీరు చెడిపోయిన చోట పేదవాడికి మంచి చేయాల్సిన తిండి కూడా అతనికి ఎదురు తిరుగుతుంది. పాలు, పప్పు, పండ్లు దొరకని ఒంట్లో, అంటే కాల్షియం, మాంసకృత్తులు, సి విటమిన్ తక్కువైన ఒంట్లో ఈ విషం మరింత తీవ్రంగా పనిచేస్తుంది. ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో పేదవాడే ముందు వంగిపోతాడు.

మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశాల స్వామి చిన్ననాటి నుండీ ఈ వ్యాధితో బాధపడుతూనే దీనికి వ్యతిరేకంగా గొంతెత్తారు. 2023 జనవరిలో ఆయన మరణించారు. ఆయన ఫోటో చూసినవారెవరూ ఆరోగ్యం అంతా క్రమశిక్షణలోనే ఉందని మళ్లీ అనలేరు.

ఇలాంటి చోట రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ఇదంతా తఖ్దీర్, రాసిపెట్టి ఉన్నది జరిగింది అని. ఈ మాట అనేవారు హజ్రత్ ఉమర్ (రజి) జీవితం చదవాలి. సిరియా వెళ్తూ దారిలో అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసి ఆయన వెనుదిరిగారు. అల్లాహ్ రాసిన విధి నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అవును, అల్లాహ్ రాసిన ఒక విధి నుండి అల్లాహ్ రాసిన మరో విధి వైపుకే వెళ్తున్నామన్నది ఆయన జవాబు. పచ్చిక ఉన్న లోయ, ఎండిన లోయ రెండూ కనిపిస్తుంటే ఒంటెను పచ్చిక వైపు తోలడం విధిని ధిక్కరించడం కాదని వివరించారు. అలాగే బోరు నీళ్లు వదిలి వాన నీళ్లు పట్టుకోవడం కూడా విధిని కాదనడం కాదు.

రెండో మాట మరీ కఠినమైనది. వాళ్ల పాపాల ఫలితం అనేది. ముల్లు గుచ్చుకున్నా అది విశ్వాసి పాపాల్ని తుడిచే సాధనమవుతుందని ప్రవక్త (స) చెప్పగా, రోగిని చూసి అతని పాపాలు లెక్కపెట్టే అధికారం మనకెవరిచ్చారు? ఆ లెక్క అతనికీ అతని ప్రభువుకూ మధ్య ఉన్నది. మనకు సంబంధించిన లెక్క వేరే ఉంది.

అదే రోజు, మరో ప్రశ్న

సహీహ్ ముస్లింలో ఉన్న ఒక హదీసె ఖుద్‌సీ ప్రకారం, ప్రళయదినాన అల్లాహ్ మనిషితో తాను జబ్బుపడితే పలకరించడానికి రాలేదని, ఆకలిగొంటే అన్నం పెట్టలేదని, నీళ్లు అడిగితే ఇవ్వలేదని అంటాడు. సర్వలోకాల ప్రభువుకు నీళ్లు ఎలా ఇవ్వగలనని మనిషి దిగ్భ్రాంతి చెందుతాడు. ఫలానా నా దాసుడు నీళ్లు అడిగాడు, నీవు ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే ఆ పుణ్యం ఇక్కడ కనుగొనేవాడివని జవాబు వస్తుంది.

ఈ రెండు హదీసులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకే రోజు, ఒకే నీరు, రెండు ప్రశ్నలు. తాగినవాడిని తాగినందుకు అడుగుతారు. ఇవ్వగలిగి ఇవ్వనివాడిని ఇవ్వనందుకు అడుగుతారు. మనం మొదట వేసుకున్న సందేహానికి జవాబు ఇక్కడే ఉంది. పేదవాడి చేతిలో లేనిదాన్ని గురించి పేదవాణ్ణి అడగరు. కానీ ఆ ప్రశ్న రద్దు కాదు. అది ఎవరి చేతిలో ఉందో వారి దగ్గరికి వెళ్తుంది. జేబు చిన్నదైన కొద్దీ మొదటి ప్రశ్న చిన్నదవుతుంది. జేబు పెద్దదైన కొద్దీ రెండో ప్రశ్న పెరుగుతుంది.

నల్గొండ ప్రజలు ఈ రెండో ప్రశ్నను ఈ లోకంలోనే అడిగారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ ఒక్క నియోజకవర్గం నుండి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. జలసాధన సమితి పిలుపుతో ఫ్లోరైడు సమస్యను దేశం ముందు పెట్టడానికి చేసిన నిరసన అది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. అప్పటికి డిపాజిట్టు 500 రూపాయలే. అదే ఏడాది తర్వాత దాన్ని 10,000 రూపాయలు చేశారు. గెలవమని తెలిసీ, డబ్బు తిరిగి రాదని తెలిసీ నామినేషన్ వేసిన ఆ సామాన్యులు ఆరోగ్యం కోసం పెట్టిన ఖర్చు అది. చిన్న బడ్జెట్టులో ఆరోగ్యం అన్న మాటకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ మన జిల్లాల్లో నాకు కనిపించలేదు.

తర్వాతి కాలంలో కృష్ణా నీటిని పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి పానగల్ ఉదయ సముద్రానికి చేర్చారు. రాజుల కాలంనాటి ఆ చెరువు తాగునీటి జలాశయమైంది. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకంతో నదీజలాలు ఇళ్ల కుళాయిల దాకా వచ్చాయి. ఇది చిన్న విషయం కాదు, కృతజ్ఞత చెప్పుకోవాల్సిన విషయం. అయితే కొత్త నీరు కొత్త తరాన్ని కాపాడుతుంది గానీ, వంగిన ఎముకను నిటారు చేయదు. దాన్ని సరిచేసే మందు ఇంకా దొరకలేదు. ప్రతి జబ్బుకూ మందు ఉందన్న ప్రవక్త (స) బోధ వెతుకుతూ ఉండమని చెప్పేది. దొరికేదాకా, రాకుండా చూసుకోవడమే మందు.

ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. నీళ్లు మరిగించి తాగితే చాలని చాలామంది నమ్మకం. మరిగిస్తే క్రిములు చస్తాయి, నిజమే. ఫ్లోరైడు మాత్రం పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని పాలు ఇంకా పెరుగుతుంది. కుళాయి నీటికి రుచి లేదని పాత బోరు నీళ్లనే తాగేవారు, వంటకు వాడేవారు ఆ నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. డాబా మీద పడే వాన నీటిని శుభ్రంగా పట్టుకోవడం చౌకైన ఉపాయం. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగుకు దింపి, పైతేటను వంచుకునే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ 1970లలో రూపొందించింది. దానికి పెట్టిన పేరు నల్గొండ పద్ధతి. ఒక బకెట్టు, కాస్త పటిక, కాస్త సున్నంతో ఇంట్లోనే చేసుకోగల పద్ధతి అది, టాంజానియా దాకా వెళ్లింది. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఎంత ఫ్లోరైడు ఉందో దాన్ని బట్టి ఉంటుంది. అందాజుగా వేస్తే నీటిలో అల్యూమినియం మిగిలిపోతుంది. తెలిసినవారి చేత లెక్క కట్టించుకున్నాకే చేయాలి.

తిండి విషయంలో మజ్జిగ, రాగులు, నువ్వులు, ఆకుకూరలు, ఉసిరి మేలు చేస్తాయి. పాలు లేని కడక్ చాయ్ రోజుకు ఆరేడు సార్లు తాగే అలవాటు తగ్గించుకోవాలి, టీ ఆకులోనూ ఫ్లోరైడు ఉంటుంది. చింతపండు తిన్నప్పుడు మూత్రం ద్వారా ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతోందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లలపై చేసిన పరిశోధనలో తేలింది, అది 2002లో ప్రచురితమైంది. మన ఇళ్లల్లో ఖట్టీ దాల్, చారు ఎలాగూ ఉన్నాయి. అయితే చారు తాగుతున్నాం కదా అని చెడ్డ నీళ్లు తాగవచ్చని ఎవరూ అర్థం చేసుకోకూడదు.

ఇక రెండో ప్రశ్న ఎవరి వైపు చూస్తోందో వారు కూడా కాస్త ఆలోచించాలి. నీరు, పచ్చిక, అగ్నిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) ప్రకటించారు. దారిలో తన అవసరానికి మించిన నీళ్లుండీ బాటసారికి ఇవ్వని వ్యక్తి వైపు ప్రళయదినాన అల్లాహ్ చూడడని బుఖారీ హదీసు. ఇప్పుడు చాలా మసీదుల ఆవరణల్లో శుద్ధజల యంత్రాలు కనిపిస్తున్నాయి. ఎంతో మంచి పని. కానీ పెట్టిన ఏడాదికే ఫిల్టరు మార్చేవారు లేక మూలపడిన యంత్రాలు కూడా కనిపిస్తున్నాయి. యంత్రం మీద పేరు రాయించుకోవడానికి ముందుకొచ్చేవారు ఫిల్టరు ఖర్చు దగ్గరికి రారు. ఫిల్టరు మీద పేరు రాసే చోటు లేదు కదా! పెళ్లి వలీమాలో ఇంకో రకం మాంసం కూర తగ్గిస్తే ఒక వాడకు ఏడాది పాటు ఫిల్టర్లు వస్తాయేమో, పెళ్లి చేసేవారే లెక్క చూసుకోవాలి. నీళ్లు తీసుకోవడానికి వచ్చేది ఏ మతంవారని అడగకూడదని వేరే చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడు ఎవర్నీ మతం అడగలేదు.

మంచం పట్టిన ఫ్లోరోసిస్ రోగులు ఇప్పటికీ పల్లెల్లో ఉన్నారు. కొత్త కుళాయి వారి కోసం ఆలస్యంగా వచ్చింది. వారి పక్కన కూర్చోవడానికి, వికలాంగుల పింఛను కాగితాలు రాసిపెట్టడానికి, దవాఖానాకు తీసుకెళ్లడానికి డబ్బు కన్నా సమయం ఎక్కువ కావాలి. అది పేద యువకుల దగ్గర కూడా ఉంది. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతున్నారని దైవప్రవక్త (స) చెప్పారు. ఒక యువకుడు తన ఆరోగ్యాన్ని, తన తీరికను తీసుకెళ్లి ఆ రెండూ లేని మనిషి మంచం పక్కన పెడితే, హదీసె ఖుద్‌సీ ప్రకారం అతను అక్కడ కలుసుకునేది ఎవరిని?

హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తల్లి మరణించినప్పుడు ఆయన దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి, ఆమె పేరున ఏ దానం చేస్తే శ్రేష్ఠమని అడిగారు. నీళ్లు అన్నారు ఆయన (స). సఅద్ (రజి) ఒక బావి తవ్వించి, ఇది సఅద్ తల్లిదని ప్రకటించారు. ఆయన తర్వాతి తరాల్లో కూడా మదీనాలో ఆ నీళ్లను సఅద్ కుటుంబంవారి నీళ్లు అనే పిలిచేవారు.